ఖర్చు లేని పని

మా పామర్రు వైపు నేలకు నిలకడ లేదు. మనుషుల సంగతి కాదండోయ్, మట్టి సంగతే చెబుతున్నాను! కృష్ణమ్మ వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పరిచిన నల్లమట్టి ఇది. వానాకాలం నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఎండాకాలం ఆ నీళ్ళన్నీ వొదిలేసి కుంచించుకుపోతుంది. మినుము పీకేసిన చేలో వైశాఖ మాసంలో ఒకసారి నడిచి చూడండి, చెయ్యి దూరేటంత నెర్రెలు కనిపిస్తాయి. వరికి వరమైన నేల ఇంటి దగ్గరకొచ్చేసరికి ప్రాణం తీస్తుంది. గోడలు బీటలిస్తాయి. తలుపులు వానల్లో బిగుసుకుంటాయి, ఎండల్లో వదులవుతాయి. ఇక పెరట్లో నాపరాళ్ళు పరిచిన ఇళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక రాయి లేస్తుంది, దాని పక్కది కుంగుతుంది, ఇంకోటి ఎటు కాలేస్తే అటు ఊగుతుంది.

అసలీ డెల్టాలో రాయి పుట్టదు. రోలయినా, పొత్రమయినా, అరుగు మీద పరిచే బండయినా ఎక్కడినుంచో బండెక్కి రావలసిందే. ఇదేమీ కొత్త సంగతి కాదు. మాకు దగ్గర్లోనే వున్న ఘంటసాలలో ఆనాటి బౌద్ధులు స్తూపం కట్టి బొమ్మలు చెక్కించుకున్నారు. ఆ సున్నపురాయీ బయటినుంచి వచ్చిందే. అమరావతి శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీద. మా మామగారు 1982లో ఇల్లు కట్టి పెరట్లో పరిపించిన నాపరాళ్ళూ పల్నాడు నుంచి లారీ మీద వచ్చినవే. అంటే మా అత్తగారు బియ్యం కడిగిన నీళ్ళు వొంపే రాయికీ, లండన్ మ్యూజియంలో నిలబెట్టిన అమరావతి రాయికీ దూరపు చుట్టరికం వుందన్నమాట. ఈ మాట ఆవిడతో అంటే, "అయితే దీన్నీ అక్కడికే పంపించు అమ్మాయ్, నా కాలి బొటనవేలు బాగుపడుతుంది" అన్నారు.

ఆవిడకు 82 ఏళ్ళు. తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే, వంటింటి గుమ్మం దిగి తులసికోట దగ్గరకు వెడతారు. దీపాలు పెట్టించాం, చేతికర్ర కొన్నాం. వెలుతురు చాలకపోవడం కాదు, రాళ్ళు ఒక మట్టాన లేకపోవడం అసలు బాధ. పోయిన కార్తీక మాసంలో ఒకరోజు తూలి, బట్టలారేసే తీగె పట్టుకుని నిలబడ్డారు. తీగె లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఇల్లంతా ఏమవుతుందో మీలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు.

దానికి తోడు కలుపు. రాయికీ రాయికీ మధ్య సందుల్లో తుంగ, గరిక, గలిజేరు, ఉత్తరేణి. వానలు పడ్డాయంటే రాళ్ళు కనపడవు, పచ్చటి తివాచీ కనపడుతుంది. ఆ తివాచీ కింద రాయి ఎక్కడ లేచిందో, ఎక్కడ కుంగిందో పరమాత్ముడికే ఎరుక.

సరే, ఎండలు ముదరకముందే పెరడు బాగుచేయించాలని తీర్మానించుకున్నాం. మావారు పదిహేను వేలు ఇస్తామన్నారు. "ఆ పైన రూపాయి లేదు" అని కూడా అన్నారు. ఆయన పిసినారి కాదు. అబ్బాయి కాలేజీ ఫీజు కట్టిన నెల అది. పదిహేను వేలే అన్నమాటను నేనూ ఒప్పుకున్నాను.

ఇక చూసుకోండి, చవక సలహాల వర్షం! మన ఇళ్ళలో డబ్బిచ్చేవాళ్ళు ఒక్కరే వుంటారు, సలహాలిచ్చే వాళ్ళు పాతికమంది. నేనా సలహాలన్నీ శ్రద్ధగా విన్నాను. వింటూంటే ఒక విచిత్రం తోచింది. ఒక్కటీ నిజంగా చవకైనది కాదు. ప్రతిదానికీ ఖర్చు వుంది. అది మా పద్దుపుస్తకంలో పడదు, ఇంకొకరి పుస్తకంలో పడుతుంది. అంతే తేడా.

హైదరాబాదు నుంచి మా మరిది ఫోనులో అన్నాడు: "వదినా, ఆ రాళ్ళన్నీ పీకి అవతల పారేసి కాంక్రీటు పోయించెయ్. నేనో అయిదువేలు కలుపుతాను. ఒక్కసారి ఖర్చు, జన్మలో మళ్ళీ కలుపు మొహం చూడక్కర్లేదు." ప్రేమతో అన్న మాటే. కాని పెరడంతా గచ్చు చేస్తే వాన నీళ్ళు ఎక్కడికి పోవాలి? పక్కింటి వాళ్ళ గోడ కిందకి. ఆ పక్కింటివాళ్ళూ గచ్చు చేస్తే వీధిలోకి. పైగా సముద్రానికి ఇంత దగ్గర ఊళ్ళలో భూమిలో నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. పైన ఇంకిన వాన నీరే కాస్త తియ్యగా, ఉప్పునీటి మీద పలచటి పొరలా నిలుస్తుంది. మా మూలనున్న నుయ్యి ఇప్పటికీ వాడుకుంటున్నామంటే పెరడు నీళ్ళు తాగుతున్నందుకే. గచ్చు పోయిస్తే కలుపు తీసే కూలి మిగులుతుంది, నిజమే. నుయ్యి కట్టే మూల్యం మేస్త్రిగారి అంచనా కాగితంలో వుండదు.

రెండో సలహా, "మందు కొట్టించండి" అని. రెండు వీధుల అవతల వుండే ఒకావిడ చెప్పింది. ఒక సీసా తెచ్చి డబ్బాలో కలిపి చల్లితే వారంలో వేళ్ళతో సహా మాడిపోతుందట. గ్లైఫోసేట్ అనే మందు పేరు మీరూ వినే వుంటారు. దానివల్ల మనుషులకు కాన్సర్ వచ్చే అవకాశం బలంగా వుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని ఒక వర్గంలో చేర్చింది. కాదని వాదించే సంస్థలూ వున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో, లైసెన్సు వున్న పురుగుమందుల నిపుణులు తప్ప ఇంకెవరూ దాన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చట్టం మాట అలా వుంచండి. నా మనసు పట్టుకున్నది ఇంకొకటి. మందు మనం కొడతామా? కొట్టం. ముక్కుకు రుమాలు కట్టుకుని, వీపు మీద డబ్బా తగిలించుకుని, చెప్పులు లేని కాళ్ళతో ఒక కుర్రాడు వచ్చి కొడతాడు. అతను కొడుతున్నంతసేపూ మనం కిటికీ రెక్కలు మూసుకుంటాం. మూసుకుంటున్నామంటేనే మనకు సంగతి తెలుసన్నమాట!

మూడో సలహా ఫోనులో వచ్చే వీడియోలది. ఉప్పు, వెనిగర్, కాస్త సబ్బు కలిపి పొయ్యండి, ఖర్చు యాభై రూపాయలు కూడా కాదు అని. వెనిగర్ అంటే పుల్లటి ఆమ్లం కదా, నాపరాయి అంటే సున్నపురాయి. ఆ రెండిటికీ పడదు. కలుపు కంటే ముందు రాయి నునుపు పోతుంది. సరే, వెనిగర్ మానేసి ఉప్పొక్కటే చల్లుదామని, బందరు వైపు ఉప్పుకు కరువేముందని, మా ఆడపడుచు అంది. ఆ మాట అత్తగారి చెవిన పడింది.

ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ పామర్రులో వున్నారు, పుట్టింటివాళ్ళు అక్కడ వున్నారు. పోయినవాళ్ళ గురించి ఆవిడ ఎప్పుడూ మాట్లాడరు. చేల గురించి మాత్రం చెబుతారు. సముద్రం వెనక్కి పోయిన తరువాత నేల మీద తెల్లగా పేరుకున్న ఉప్పు గురించి, వానలూ కాలవ నీళ్ళూ దాన్ని కడిగి కడిగి దింపాల్సి వచ్చిన రోజుల గురించి, నారు పోస్తే ఎర్రబడిపోయిన మళ్ళ గురించి చెబుతారు. ఆ రోజున ఆవిడ చేతిలోని చేట కింద పెట్టి, "డబ్బిచ్చి కొని మరీ నేలలో ఉప్పు పోస్తారటే? నేను బతికి వుండగా కాదు" అన్నారు. అంతే, ఉప్పు మాట అక్కడితో ఆఖరు. ఉప్పుకు గలిజేరు ఏదో అరటిచెట్టు ఏదో తెలియదు కదా. వానకు కరిగి వేరు ఎక్కడుంటే అక్కడికి పోతుంది.

ఇన్ని మాటలు కలుపు గురించి మాట్లాడుకున్నాక, అసలు కలుపంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది నాకు. మనం నాటనిది కలుపు అందామా? మామిడి టెంక పారేసిన చోట మొక్క లేస్తే మురిసిపోతాంగా! పనికిరానిది కలుపు అందామా? గరిక లేకుండా వినాయకుడి పూజ జరగదు. ఉత్తరేణి ఇరవయ్యొక్క పత్రిలో ఒకటి. వేసవిలో పెరట్లోంచి పీకించి అవతల పారబోసిన ఆ రెండిటినే, చవితి ముందు రోజు పామర్రు సెంటర్లో కట్టకు ఇంతని ఇచ్చి కొనుక్కుంటాం. ఇదే గరికను అమెరికాలో బెర్ముడా గడ్డి అని పేరు పెట్టి, విత్తనాలు కొని, నీళ్ళు పెట్టి పచ్చిక బయళ్ళు పెంచుతారు. గలిజేరాకు పప్పులో వేసుకుంటాం. పాయలకూరా అంతే, రాళ్ళ సందుల్లో దానంతటది వస్తే కలుపు, బుట్టలో పెట్టుకుని అమ్మొస్తే కూర. తుంగ మాటకొస్తే, ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు ఇదేనని 1977లో శాస్త్రజ్ఞులు పెద్ద గ్రంథం రాసి మరీ మొదటి స్థానం ఇచ్చారు. ఆ తుంగ గడ్డలే తుంగముస్తలని పచారీ కొట్లో అమ్ముతారు, సున్నిపిండిలో సువాసనకు కలుపుకుంటాం. ఇంకో పక్క చూస్తే, పువ్వు బాగుందని ఎవరో ముచ్చటపడి దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్న గుర్రపుడెక్క మన కాలవలన్నిటినీ పూడ్చేసింది. అందాలరాశి అని ఆహ్వానించి తెచ్చుకున్నది కలుపైంది, కలుపని పీకేసింది దేవుడి నెత్తిన కెక్కింది.

ఇంత చెప్పానని, మొక్కకో ప్రాణం వుంది కనుక పీకకూడదు అంటానేమో అనుకోకండి. అలాంటి జాలి నాకు లేదు. ఆవిడ కాలికింద రాయి కదలకూడదు, పచ్చగడ్డి మీద కాలు జారకూడదు. ఆ మేరకు గరికైనా ఉత్తరేణైనా పోవలసిందే. కాకపోతే, "అది కలుపు" అనడం మొక్క గురించి చెప్పే మాట కాదని, మన అవసరం గురించి చెప్పుకునే మాటని గుర్తుంచుకుంటే మంచిది. మన అవసరమని ఒప్పుకున్నప్పుడు, దానికయ్యే ఖర్చు కూడా మనదేనని ఒప్పుకోవలసి వస్తుంది. పని తప్పించుకోవడానికి మొక్కను తిట్టుకోనక్కర్లేదు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. మందొద్దు, ఉప్పొద్దు, గచ్చొద్దు అంటే ఇక మిగిలింది మనిషి చెయ్యి. ఆ చెయ్యి ఖరీదెంత?

రాళ్ళు లేపడానికి ఒక మగమనిషి, కలుపు గడ్డలు ఏరి మట్టి ఎత్తడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు మేస్త్రిగారు. మగమనిషికి ఏడువందలు, ఆడమనిషికి అయిదువందలు. "ఎందుకా తేడా?" అన్నాను. "అదంతేనమ్మా, రేటు" అన్నారు. మా తోటికోడలు నన్ను పక్కకు పిలిచి, "ఊడ్పులు లేని రోజులు అక్కా, పనులు లేక ఖాళీగా వుంటారు. నాలుగువందలకైనా వస్తుంది, అడిగి చూడు" అంది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. వచ్చేదే. పని లేదు కనుక వచ్చేది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి కనుక వచ్చేది. మా పెరట్లో ఆ వంద రూపాయలు మిగలాలంటే ఆవిడ ఇంట్లో బియ్యం నిండుకోవాలి. దాన్ని నేను పొదుపని పద్దులో రాసుకోవాలి!

బి.ఏ. చదివే రోజుల్లో మాకు రస్కిన్‌ని గురించి చెప్పారు. ఆయన 1860లో రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్' వ్యాసాలను గాంధీగారు 1904లో, జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్ళే రైల్లో రాత్రంతా నిద్రపోకుండా చదివారట. తరువాత గుజరాతీలో వాటి సారాన్ని 'సర్వోదయ' పేరుతో రాశారు. అందులో ఒక వాదం మాత్రం నాకు ఈనాటికీ గుర్తుండిపోయింది. చవక దొరికిన చోట కొనుక్కో, తప్పులేదు, కాని అది ఎందువల్ల చవకైందో కూడా విచారించు అన్నది దాని తాత్పర్యం. పరీక్షకు చదివినప్పుడు అయిదు మార్కుల ప్రశ్న అది. మా పెరట్లోకి వచ్చాక దాని బరువు తెలిసింది. చీరల కొట్లో, కూరగాయల బండి దగ్గర, పనిమనిషి జీతం దగ్గర, మనం రోజూ ఆడే బేరమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కొట్టువాడు లాభం తగ్గించుకుని ఇస్తే చవక వేరు. నేసినవాడు తిండి తగ్గించుకుని ఇస్తే చవక వేరు. రెండూ మన చేతికి ఒకే రూపంలో వస్తాయి.

ఆడమనిషికీ ఏడువందలే ఇస్తానన్నాను. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా కూలి ఇవ్వాలని 1976లోనే మన దేశంలో చట్టం వచ్చింది. చట్టం తెలిసి ఇచ్చానని గొప్పలు చెప్పుకోను గాని, గడ్డపలుగు పట్టుకున్న చెయ్యికీ, తుంగ గడ్డ కోసం మోచేతి దాకా మట్టిలో దూర్చిన చెయ్యికీ తేడా ఏమిటో నాకు బోధపడలేదు. మేస్త్రిగారు మాత్రం "రేట్లు చెడగొడుతున్నారమ్మా" అని గొణిగారు. ఆయన బాధా అబద్ధం కాదు. రేపు ఆయన ఇంకో ఇంట్లో పని పట్టుకున్నప్పుడు ఆ తేడా ఆయనే భరించుకోవాలి.

మరి పదిహేను వేలు ఎలా సరిపోతాయి? మావారు కాగితం మీద లెక్కలు వేసి, కళ్ళద్దాలు పైకెత్తి, "మేస్త్రి రోజులు తగ్గించేద్దాం. రాళ్ళు సర్దుకోవడం, మట్టి తవ్వుకోవడం, పైపనులు మనమే చేసుకుందాం. దానికి ఖర్చేముంది?" అన్నారు.

ఈ 'మనమే' అన్నమాట వినగానే మీలో కొందరు నవ్వి వుంటారని నాకు తెలుసు. మన భాషలో 'మనం' అన్న మాట చాలా విశాలమైనది. 'మనం వడియాలు పెట్టుకుందాం', 'మనం చుట్టాలను పిలుద్దాం', 'మనం పిల్లాడికి లెక్కలు చెప్పుకుందాం'. వాక్యంలో అందరూ వుంటారు, పనిలో ఒక్కతే వుంటుంది. మన దేశంలో 2019లో ప్రభుత్వం వాళ్ళు, ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. సుమారు అయిదు గంటలు. ఆ అయిదు గంటలూ ఏ ఇంటి పద్దుపుస్తకంలోనూ వుండవు.

ఇంతవరకూ నేను, ఎవరో కుర్రాడి ఊపిరితిత్తులు చవకగా చూడకూడదని, నూతి నీళ్ళు చవకగా చూడకూడదని, కూలి మనిషి రెక్కలు చవకగా చూడకూడదని వాదిస్తూ వచ్చాను. చివరికి లెక్క సరిపోవడానికి మిగిలిన చవక సరుకు నేను! పైగా నేను ఇంట్లో కూర్చుని నవలలు రాసుకునే మనిషిని కాబట్టి 'ఖాళీగా' వుంటానని అందరి నమ్మకం. మన స్త్రీలలో ఒక గుణం వుంది. ఎవరిదో కష్టమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం, మన కష్టం దగ్గరకొచ్చేసరికి 'పోనిద్దురూ, దానికేముంది' అంటాం. దీన్ని త్యాగమని పొగిడినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇది లెక్కల తప్పులా కనిపిస్తుంది. పక్కవాడి కూలి ఎగ్గొడితే అన్యాయమైనప్పుడు, నా కూలి ఎగ్గొడితే అది పుణ్యమెలా అవుతుంది?

"చేస్తాను. నా కూలి కూడా పద్దులో రాస్తాను" అన్నాను.

"ఎవరికిస్తావు? నీ జేబులోంచి నీ జేబులోకేగా?" అని నవ్వారు మావారు.

"ఇవ్వక్కర్లేదు. రాస్తాను."

పని మొదలుపెట్టాం. చైత్ర మాసం. రాళ్ళు మొత్తం 64. లేపే ముందే అత్తగారు కుర్చీ వేయించుకు కూర్చుని, ప్రతి రాయి మీదా సుద్దముక్కతో నంబరు వేయించారు. పాతరాయి పాత చోటునే బాగా కూర్చుంటుందట. మగమనిషి గడ్డపలుగుతో ఒక్కొక్కటే లేపి గోడకు చేరవేశాడు. రాళ్ళకింద చూడాలి ఆ తుంగ సంసారం! పైకి నాలుగు ఆకులు, కింద ఒక గడ్డ, ఆ గడ్డకు దారం, దారానికి ఇంకో గడ్డ, గొలుసు గొలుసు. పైనుంచి పీకితే దారం తెగుతుంది, కింది గడ్డ హాయిగా మళ్ళీ మొలుస్తుంది. పనికి వచ్చినావిడ వేళ్ళతో ఆ దారం పట్టుకుని, తెగకుండా, వీణ తీగె సవరించినట్టు లాగేది. నేను లాగితే టప్పున తెగేది. "ముప్ఫై ఏళ్ళ నుంచి చేలో తీస్తున్నానమ్మా, మీకు ఒక పూటలో వస్తుందా" అంది. దాన్ని నైపుణ్యం లేని కూలి అంటారు కాగితాల్లో.

నాలుగంగుళాల నల్లమట్టి తవ్వి తీశాం. ఆ చోట ఎర్ర గ్రావెల్ పోయించాం. మేస్త్రిగారు చెప్పిన ఒక మాట మీకు పనికొస్తుంది. మా నేల పూర్తిగా ఎండి నెర్రెలిచ్చినప్పుడు రాళ్ళు పరిస్తే వానకు ఉబ్బి లేస్తాయి, బాగా తడిసినప్పుడు పరిస్తే ఎండకు కుంగుతాయి. అందుకని రెండు రోజుల ముందు నుంచీ నీళ్ళు చిలకరించి, మధ్యరకం చెమ్మకు తెచ్చి, దిమ్మిసతో గట్టిపరిచాకే పైన రెండంగుళాల ఇసుక పోశాం. ఇసుక ఉచితమని 2024లో ప్రభుత్వం అంది, ఎత్తుడు కూలీ ట్రాక్టరు కిరాయీ మాత్రం ఉచితం కాదు! రాళ్ళు పరిచి రసమట్టం పెట్టి చూస్తూ, అయిదడుగులకు అంగుళం చొప్పున అరటిచెట్ల వైపు వాటం ఇచ్చాం. సందులు అరంగుళం వదిలి, సున్నం కలిపిన ఇసుక కూరాం. నీళ్ళు ఇంకడానికి దారి వుంది, గడ్డి గింజ పడితే వేరు పారడానికి మాత్రం అంత సులువు కాదు. ఎక్కడైనా ఒకటీ అరా తలెత్తితే మరిగే గంజి వొంపితే చాలు, లేత మొక్క చస్తుంది. తుంగ మాత్రం దానికి లొంగదు. అసలు ఈ కుక్కర్ల రోజుల్లో గంజి ఎక్కడిది అంటారా, అదీ నిజమే.

మావారు రెండు ఆదివారాలు పూర్తిగా మట్టి మోశారు. మొదటి ఆదివారం సాయంత్రం నడుం పట్టుకుని, "ఇదేమిటే, ఇంత పని వుందా ఇందులో" అన్నారు. నేనేమీ అనలేదు. నేను ఎనిమిది రోజులు పూటపూట చేశాను, అంటే నాలుగు రోజుల కింద లెక్క.

పని అయ్యాక పద్దు రాశాను. గ్రావెల్ 2,800. ఇసుక కిరాయి 2,200. మేస్త్రిగారికి రెండు రోజులు 2,000. మగమనిషికి రెండు రోజులు 1,400. ఆడమనిషికి మూడు రోజులు 2,100. సున్నం, సిమెంటు 600. టీలూ టిఫిన్లూ 300. వెరసి 11,400. దాని కింద, 'నా కూలి, నాలుగు రోజులు, రోజుకు ఏడువందలు, 2,800' అని రాశాను. 14,200 అయింది.

మావారు పద్దు చాలాసేపు చూశారు. డబ్బు బయటికి పోకుండా ఖర్చెలా అవుతుందని ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు. తరువాత కలం అడిగారు. "మరి నా రెండు ఆదివారాలో?"

"రాసుకోండి" అన్నాను.

1,400 రాశారు. కూడితే 15,600. పైన రూపాయి లేదన్న బడ్జెట్టు 600 దాటింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. తలుపు పక్కనుంచి అత్తగారు, "నేను మూడు రోజులు కుర్చీలో కూర్చుని నంబర్లు చూశాను. నాకు సగం కూలైనా పడదూ?" అన్నారు. ఆ లెక్క ఇంకా తెగలేదు.

తొలకరి పడింది. అరవై నాలుగింటిలో పదిహేడో నంబరు రాయి మాత్రం ఒక మూల కాస్త ఊగుతోంది. మేస్త్రిగారిని పిలవాలి. తులసికోట పక్క సందులో ఎర్ర కాడల గలిజేరు నాలుగాకులు వేసింది. సంస్కృతంలో దాన్ని పునర్నవ అన్నారు, ఊరికే అన్నారా! నిన్న పొద్దున పీకబోతుంటే అత్తగారు గుమ్మంలోంచి కేకేశారు, "ఉండు, ఇంకో నాలుగు రోజులు ఎదగనీ. ఆదివారం పప్పులో వేద్దాం" అని.